చెయ్యి ఒకరిది, పేరు ఒకరిది

మా అక్క కూతురు న్యూయార్కులో చిత్రకళ చదువుతోంది. "బొమ్మలు గియ్యనీకి అంత దూరం పోవాల్నా? మనూర్ల గోడలు లేవా?" అని మా అమ్మ దాన్ని విమానం ఎక్కించిన రోజునుంచీ అంటూనే వుంది. పిల్ల మాత్రం వెళ్ళిన కొత్తలో మహా హుషారుగా వుండేది. 2023 అక్టోబరులో ఒకనాడు ఫోను చేసి, "చిన్నమ్మా, మన ఫణిగిరి రాళ్ళు ఈడికొచ్చినయ్! అందరు లైనుగట్టి చూస్తున్రు!" అని ఆయాసపడుతూ చెప్పింది. సూర్యాపేట దగ్గరి గుట్టమీది బౌద్ధశిల్పాలను అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. నల్లగొండ జిల్లా గడప దాటని రాళ్ళు సముద్రాలు దాటి వెళితే, నల్లగొండ పిల్ల వాటిని అక్కడ చూసి మురిసిపోయింది. అదొక చిత్రం.

ఆరునెలలు తిరక్కుండానే హుషారంతా దిగిపోయింది. ఒకరోజు తెల్లవారుజామున ఫోను మోగింది. అక్కడ వాళ్ళకి సాయంత్రం.

"చిన్నమ్మా, నేనింక వాళ్ళతోని పని చెయ్య" అంది. గొంతులో ఏడుపు.

సంగతేమిటంటే, వాళ్ళ తరగతిలో అయిదుగురేసి పిల్లలు కలిసి ఒక్కొక్క కళాకృతి తయారుచెయ్యాలి. ఏడాది చివర ప్రదర్శనలో పెడతారు. మా పిల్ల జట్టులో ఒక జపాన్ అమ్మాయి, ఒక మెక్సికో అబ్బాయి, ఒక పోలెండు అమ్మాయి, ఒక అమెరికా అబ్బాయి. ఏం చేద్దామని తర్జనభర్జన పడి, చివరికి మా పిల్ల చెప్పిన చిటికి పని మీద కుదిరారట.

చిటికి అంటే మా ప్రాంతంవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, చండూరు వైపు ఏ నేత ఇంటికి వెళ్ళినా కనపడుతుంది. గుడ్డ నేశాక అద్దకం వెయ్యడం కాదిది. నెయ్యకముందే నూలుమీద లెక్కప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి వున్నచోట రంగెక్కదు. ఆ ముడులు విప్పి, మళ్ళీ కొత్తచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఆ నూలు మగ్గంమీదికి ఎక్కాక పోగుకి పోగు కలిసి బొమ్మ లేస్తుంది. మా అమ్మ పుట్టినిల్లూ మెట్టినిల్లూ రెండూ నేతవాళ్ళవే కాబట్టి మా పిల్లకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

తీరా పని మొదలుపెట్టేసరికి జపాన్ అమ్మాయి "ఇది మా కసూరి కదా" అన్నదట. మెక్సికో అబ్బాయి "మా అమ్మమ్మ కప్పుకునే రెబోజో ఇలాగే చేస్తారు" అన్నాడట. మాదంటే మాదని ఒక రోజంతా వాదన. నాకు నవ్వొచ్చింది. ప్రపంచమంతా ఈ పనిని ఇకత్ అంటుంది. ఆ మాట మలయ ద్వీపాలవాళ్ళది. విద్య ఇంతమందిదీ, పేరు మాత్రం ఇంకొకరిది!

ఆ పేచీ తీరి మూడునెలలు కలిసి పనిచేశారు. నూలు లెక్కపెట్టింది, ముడులు కట్టింది, మిగతావాళ్ళకి నేర్పింది మా పిల్ల. జపాన్ అమ్మాయి నీలిరంగు చూసింది. పోలెండు అమ్మాయి మగ్గంమీద కూర్చుంది. తీరా ప్రదర్శన అట్టముక్క చూస్తే, "రూపకల్పన" అని అమెరికా అబ్బాయి పేరు పెద్ద అక్షరాల్లో వుంది. కింద "సహకారం" అని నాలుగు పేర్లు. మా పిల్లది ఆఖరున.

"అది గూడ తప్పు రాసిండ్రు చిన్నమ్మా. కావాలని చెయ్యలే. వాడే అందరికంటె మంచిగ మాట్లాడతడు, కాయితం మొత్తం వాడే రాసిండు. వాడు మంచోడే. అందుకే ఎక్కువ బాధయితున్నది" అంది.

"అన్నం తిని పడుకో బిడ్డా, రేపు మాట్లాడదాం" అని ఫోను పెట్టేశాను గానీ, నాకే నిద్ర పట్టలేదు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. నవలలు రాసుకుంటూ పొట్ట పోసుకుంటున్నా, ఏ తగవు విన్నా ఇది ఇదివరకు ఎవరింట్లో జరిగిందా అని వెతకడం నాకు జబ్బులాంటి అలవాటు. ఇదివరకు జరిగింది. అదీ మనింట్లోనే జరిగింది.

"మనింట్లో" అని ఎందుకన్నానంటే, ఆ రోజుల్లో నల్లగొండా, పాలమూరూ, అజంతా గుహలూ మూడూ ఒకే సర్కారు కింద వుండేవి. అజంతా ఇప్పుడు మహారాష్ట్రలో వుంది గానీ, 1909లో అది నిజాం రాజ్యం. పాలమూరుకి మహబూబ్‌నగర్ అన్న పేరు ఎవరిదో ఆ మహబూబ్ అలీఖానే అప్పుడు గద్దెమీద వున్నాడు. ఆ ఏడాది చలికాలంలో అజంతా గుహల్లోకి ఒక వింత జట్టు దిగింది.

దానికి ముందు చిన్న కథ చెప్పాలి. అజంతా గోడల బొమ్మలు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతున్నాయని, పూర్తిగా పోకముందే నకళ్ళు తీసి పెట్టుకోవాలని పందొమ్మిదో శతాబ్దంలోనే తెల్లదొరలకి తోచింది. రాబర్ట్ గిల్ అనే సైనికోద్యోగి 1844లో మొదలుపెట్టి ఏళ్ళతరబడి ఆ గుహల్లోనే వుండి నకళ్ళు రాశాడు. వాటిని లండన్‌లోని క్రిస్టల్ పాలెస్‌లో పెడితే 1866లో నిప్పంటుకుని చాలావరకు కాలిపోయాయి. తరువాత బొంబాయి చిత్రకళాశాల నడిపే జాన్ గ్రిఫిత్స్ 1872 నుంచి తన విద్యార్థులను తీసుకొచ్చి మళ్ళీ రాయించాడు. 1885దాకా సాగింది. వాటిని సౌత్ కెన్సింగ్టన్‌కు పంపితే అక్కడా నిప్పే! ఎన్నో కాలిపోయాయి. 1896లో పెద్ద పుస్తకం వచ్చింది. దానిమీద పేరు గ్రిఫిత్స్‌ది. గుహల చీకట్లో కళ్ళు కాయలు కాయించుకున్న పెస్తన్‌జీ బొమన్‌జీ లాంటి విద్యార్థుల పేర్లు చరిత్ర బాగా చదివినవాళ్ళకే తెలుసు.

ఇక 1909కి వస్తాను. ఆ జట్టుకి పెద్ద క్రిస్టియానా హెరింగ్‌హామ్. అప్పటికి ఆమెకు యాభైయేడేళ్ళు. మామూలు మనిషి కాదు. గుడ్డుసొనలో రంగులు కలిపి బొమ్మలు వేసే పాత ఇటలీ పద్ధతి గురించి చెన్నినో చెన్నిని రాసిన గ్రంథాన్ని 1899లో ఇంగ్లీషులోకి తెచ్చింది. ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడిన వాళ్ళలో ఒకతె. అంతకుముందోసారి అజంతా చూసి వెళ్ళి మనసు ఆగక, మళ్ళీ వచ్చింది. వెంట డొరోతీ లార్చర్ అనే పాతికేళ్ళ చిత్రకారిణి. ఇంగ్లండులో బొమ్మల చదువు చదువుకున్న పిల్ల.

కలకత్తాలో సిస్టర్ నివేదితకూ, అవనీంద్రనాథ్ ఠాగూరుకూ ఈ కబురు చేరింది. మన గోడలమీది బొమ్మలకి నకళ్ళు తీసేటప్పుడు మన పిల్లలు లేకపోతే ఎలాగని అవనీంద్రనాథ్ తన శిష్యులను పంపాడు. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ్ గుప్తా, మైసూరు నుంచి వచ్చి కలకత్తాలో చదువుకుంటున్న వెంకటప్ప. హల్దార్‌కి అప్పటికి పందొమ్మిదేళ్ళు. మన హైదరాబాదు నుంచి ఇద్దరు. సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్.

చూడండి ఎలాంటి జట్టో! ఇంగ్లీషు ఆడవాళ్ళు, బెంగాలీ బాబులు, కన్నడదేశపు యువకుడు, హైదరాబాదు ముస్లిం యువకులు. రాయవలసిందేమో వేయిన్నర సంవత్సరాలనాటి బౌద్ధుల బొమ్మలు. ఫర్దాపూర్ దగ్గర డేరాలు వేసుకున్నారు. పొద్దున్నే గుహలకు పోవడం, చీకటి పడేవేళకు తిరిగి రావడం. గుహల్లో వెలుతురుండదు, గబ్బిలాలు మాత్రం కావలసినన్ని. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత అజంతాకి అక్షరాలా సరిపోయేది! ఎవరు ఏం తిన్నారో, ఒకరి వంట ఒకరికి ఎలా పడిందో, ఏ పూట ఎవరు అలిగారో ఏ పుస్తకమూ చెప్పదు. వంట దగ్గరే సగం తగవులు వచ్చివుంటాయని నా ఆడబుద్ధికి తోస్తుంది.

అయినా పని సాగింది. 1909-10 చలికాలం ఒకటి, 1910-11 చలికాలం ఇంకొకటి. ఎందుకు సాగిందని ఆలోచిస్తే నాకొకటి అనిపించింది. వాళ్ళ ముందర ఒక గోడ వుంది. నకలు రాసేవాడు "ఇది నా ఊహ" అనడానికి వీల్లేదు. దొరసాని అయినా, పందొమ్మిదేళ్ళ కుర్రవాడైనా ఆ గోడమీద గీత ఎటు తిరిగితే అటే తన కుంచె తిప్పాలి. గోడ అందరికంటె పెద్దది. దాని ముందు గురువులూ లేరు, శిష్యులూ లేరు. మా పిల్ల జట్టుకి లేనిది ఆ గోడే.

సరే, గోడ ముందు అందరూ సమానమే. పుస్తకం ముందు?

1915లో లండన్‌లో ఇండియా సొసైటీవారు ఆ నకళ్ళను "అజంతా ఫ్రెస్కోస్" అని పుస్తకంగా వేశారు. 1909 నుంచి 1911 వరకు లేడీ హెరింగ్‌హామ్, ఆమె సహాయకులు తీసిన నకళ్ళు అని దాని ముఖపత్రం చెబుతుంది. సహాయకులు! మా పిల్ల అట్టముక్కమీది "సహకారం" అన్న మాట నాకు వెంటనే గుర్తొచ్చింది. నూరేళ్ళు దాటినా ఆ మాట చావలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. హెరింగ్‌హామ్ లేకపోతే ఆ జట్టే లేదు. ఆమె పేరు పైన వుండడంలో అన్యాయం వెతకడం నా వుద్దేశం కాదు. పైగా ఆమె కథ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అజంతా పని ముగించి వెళ్ళిన 1911లోనే ఆమెకు మనసు చెదిరింది. మానసిక వైద్యశాలలో చేర్చారు. 1929లో పోయేదాకా మళ్ళీ మామూలు మనిషి కాలేదు. పుస్తకం వచ్చేసరికి, పేరు దక్కిన మనిషికి ఆ పేరు చూసుకుని సంతోషించే భాగ్యం లేకపోయింది.

మిగతావాళ్ళో? డొరోతీ లార్చర్‌కి మనదేశం మీద మనసు పడింది. తరువాత ఇంగ్లండులో ఫిల్లిస్ బారన్ అనే స్నేహితురాలితో కలిసి చెక్క అచ్చులతో గుడ్డలమీద అద్దకం వేస్తూ ఆ విద్యలో పేరు తెచ్చుకుంది. హల్దార్ లక్నో చిత్రకళాశాలకు ప్రిన్సిపాలయ్యాడు. సమరేంద్రనాథ్ లాహోరు వెళ్ళి మేయో కళాశాలలో పెద్ద పదవి చేశాడు. వెంకటప్ప మైసూరు గర్వించే చిత్రకారుడయ్యాడు. మన సయ్యద్ అహ్మద్ అజంతాను వదల్లేదు. నిజాం సర్కారు 1914లో పురావస్తు శాఖ పెట్టాక అజంతా గుహలకు క్యూరేటర్ అయ్యాడు. ఆయన తీసిన నకళ్ళు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియానికి వచ్చాయి. బి.ఏ. చదివే రోజుల్లో మా కాలేజీవాళ్ళు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. అజంతా అంటే ఇదేనా అని ఆడపిల్లలమంతా నోరు తెరుచుకుని చూశాం. ఎవరు గీశారని ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ వుంది.

ఇక ఫజ్లుద్దీన్. ఆయన పేరు ఆ జట్టు జాబితాలో ఆఖరున కనపడుతుంది. మా పిల్ల పేరులాగే. చాలామంది రాసిన అజంతా కథల్లో అది కూడా కనపడదు.

అజంతా నకళ్ళమీద అగ్నిదేవుడికి ఏం కోపమో గానీ, ఇంకొకసారి కూడా పగ తీర్చుకున్నాడు. 1917లో జపాన్ నుంచి అరాయ్ కంపో అనే చిత్రకారుడు వచ్చి మళ్ళీ నకళ్ళు తీశాడు. ఠాగూర్ల ఇంట్లో వుండి నందలాల్ వాళ్ళకి జపాన్ పద్ధతి కుంచెపని చూపించినవాడాయన. ఆ నకళ్ళు టోక్యో విశ్వవిద్యాలయంలో వుండగా 1923 భూకంపంలో దగ్ధమయ్యాయి. కాయితాలు కాలాయి గానీ చేతులకెక్కిన విద్య కాలలేదు. అదెక్కడిదాకా పోయిందో చెబుతాను, వినండి.

గుహలో నకళ్ళు రాసిన నందలాల్ తరువాత శాంతినికేతన్‌లో కళాభవన్‌కు పెద్ద అయ్యాడు. మన రాజ్యాంగం మూలప్రతిలో అంచులూ బొమ్మలూ ఆయనా ఆయన విద్యార్థులూ కలిసి వేసినవే. ఆయన దగ్గర 1940లలో చదువుకున్న ఒక తెలుగు కుర్రవాడు కృష్ణారెడ్డి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టాడు. శాంతినికేతన్ అయ్యాక మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్ళు పనిచేసి, లండన్ వెళ్ళి, అక్కణ్ణుంచి పారిస్ చేరాడు.

పారిస్‌లో అప్పుడు అతెలియే 17 అని ఒక అచ్చుబొమ్మల కార్ఖానా వుండేది. నడిపేవాడు స్టాన్లీ విలియం హేటర్ అనే ఆంగ్లేయుడు. 1927లో మొదలుపెట్టాడు. యుద్ధకాలంలో న్యూయార్కుకి మార్చి, 1950లో తిరిగి పారిస్‌కి తెచ్చాడు. పికాసో, మీరో లాంటి మహామహులు అక్కడ పనిచేసి వెళ్ళినవారే. బడి కాదది. నానాదేశాల పిల్లలూ పెద్దలూ ఒకే బల్లచుట్టూ నిలబడి, ఒకరి తప్పు చూసి ఒకరు నేర్చుకునే చోటు. హేటర్ ఇంగ్లీషువాడు, కృష్ణారెడ్డి చిత్తూరువాడు, కైకో మోతీ బొంబాయివాడు, పక్కన ఇంకెన్ని దేశాలవాళ్ళో.

అచ్చుబొమ్మలో రంగులు వెయ్యాలంటే ఒక్కొక్క రంగుకీ ఒక్కొక్క రేకు చెక్కి, కాయితాన్ని మళ్ళీ మళ్ళీ అచ్చుకింద పెట్టాలి. ఒక్క వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడుతుంది. అదేం లేకుండా ఒకే రేకుమీద అన్ని రంగులూ వేసి ఒక్క అదుముతో దించే వుపాయం ఆ కార్ఖానాలో పట్టుకున్నారు. వంటింటి భాషలో చెప్పాలంటే ఇదంతా నూనె మహిమ. రేకుని ఆమ్లంతో ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన తినిపిస్తారు. ఒక రంగులో నూనె ఎక్కువ కలిపి పల్చగా చేస్తారు, ఇంకోదాన్ని చిక్కగా వుంచుతారు. గట్టి రోలరు మిట్టలనే తాకుతుంది, మెత్తటి రోలరు పల్లాల్లోకీ దిగుతుంది. పల్చటి రంగు అంటిన చోట చిక్కటి రంగు దొర్లిస్తే అది అంటుకోదు. ఎక్కడి రంగు అక్కడే వుంటుంది. చిటికి ముడి వున్నచోట రంగెక్కనట్టే!

ఈ కిటుకు పట్టుకోవడంలో కృష్ణారెడ్డికీ, కైకో మోతీకీ ముఖ్యభాగం వుంది. కాని చాలాకాలం అది హేటర్ పేరుమీదే చలామణి అయింది. కార్ఖానా ఆయనది, పుస్తకాలు రాసేవాడాయన, అందరూ ఎరిగిన పేరూ ఆయనదే. ఇక్కడా ఏమాటకామాటే. హేటర్ కృష్ణారెడ్డిని తనతో సమానంగా కార్ఖానాకు సహ సంచాలకుణ్ణి చేశాడు. కృష్ణారెడ్డికి 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్కు వెళ్ళి అక్కడి పిల్లలకు ఇదే విద్య నేర్పాడు. ఆ పద్ధతిమీద తన పుస్తకం తాను రాసుకునేసరికి 1988 అయింది. 2018లో ఆ నగరంలోనే కన్నుమూశాడు.

అజంతా గోడ దగ్గర మొదలైన తీగ శాంతినికేతన్ మీదుగా పారిస్‌కీ, పారిస్ నుంచి మా పిల్ల చదివే న్యూయార్కుకీ పాకింది. ఈ తీగను నేను పట్టుకుని లాగగలిగాను. ఎందుకని? నందలాల్ పేరు దొరికింది కాబట్టి. కృష్ణారెడ్డి పేరు దొరికింది కాబట్టి. ఫజ్లుద్దీన్ దగ్గర తీగ తెగిపోయింది. పేరంటే గొప్ప కోసం కాదు, వెనకవచ్చేవాళ్ళకి దారి కోసం అని ఆ తెల్లవారుజామున నాకు మొదటిసారి అర్థమైంది.

అంతదూరం ఎందుకు, మన గడపలోనే చూడండి. ఫణిగిరిలో ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ ఏట ఒక పెద్ద వైద్యుడు ధర్మచక్రం చేయించి ఇచ్చాడని శాసనం దొరికింది. ఇచ్చినవాణ్ణి రాయి గుర్తుపెట్టుకుంది. ఆ రాతికి ప్రాణం పోసిన వుళి ఎవరిదో చెప్పదు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని బడిపిల్లలు కూడా చెబుతారు. రాయిమీద రాయి పేర్చి అంత కట్ట నిలబెట్టిన చేతులకు పేర్లు లేవు. పాలమూరు కూలీలు మట్టి మొయ్యని ఆనకట్ట ఈ దేశంలో లేదంటారు. వాళ్ళందరికీ కలిపి ఒకటే పేరు, "పాలమూరు లేబరు". జిల్లాకి రాజుగారి పేరు దక్కింది. జనానికి మాత్రం జిల్లాపేరే మిగిలింది!

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. చిటికి పనిలో ముడులు కట్టడానికి ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చట్రం ముందు కూర్చుని, నడిమి మేకు నుంచి అవతలి మేకుకీ, అక్కణ్ణుంచి ఇవతలికీ పోగు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరెకి చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఇది ఆడవాళ్ళ పని. మా అమ్మ పెళ్ళికి ముందునుంచీ ముసలితనందాకా ఆసు పోసింది. ఇప్పుడు కుడిచెయ్యి భుజంపైకి లేవదు, జడ వేసుకోవాలంటే నేనుండాలి. చీరె మాత్రం మా నాయన నేశాడనే అన్నారు. షాపుకి పోయాక షాపు పేరే చెప్పారు.

ఒక్కచోట ఈ లెక్క తిరగబడింది. అది మా జిల్లాలోనే అని చెప్పుకోవడానికి నాకు గర్వంగా వుంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేతబిడ్డ తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ళతరబడి తంటాలు పడి 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రం పేరు లక్ష్మీ ఆసు యంత్రం. లక్ష్మి ఆయన తల్లి. బుర్ర కొడుకుదైనా, ఆ బుర్రని కదిలించింది తల్లి చెయ్యి అని కొడుకుకి తెలుసు. అందుకే యంత్రం మీద ఆమె పేరు పెట్టాడు.

మర్నాడు పిల్లకి ఫోను చేసి ఇదంతా చెప్పాను. చేటభారతమే అయింది, పాపం ఓపిగ్గా వింది.

"అయితే ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్ చిన్నమ్మా?" అంది.

"అడగందే అమ్మయినా పెట్టదే. అడుగు. కొట్లాడకు, అడుగు. ఎవరు ఏం చేసిండ్రో అది రాయమను" అన్నాను.

పదిహేను రోజులదాకా కబురు లేదు. తరువాత చేసింది. ఈసారి గొంతు తేటగా వుంది. అడిగిందట. కాసేపు అందరూ గమ్మున కూర్చున్నారట. ముందు జపాన్ అమ్మాయి నోరు విప్పి, తనకీ అదే బాధ వుందని, చెప్పడానికి మొహమాటపడ్డానని అన్నదట. మెక్సికో అబ్బాయీ అదే మాట. అమెరికా అబ్బాయి మొహం ఎర్రబడి, "నేను కాయితం రాశాను కాబట్టి నా పేరు పైన వేసుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు" అని, అట్ట తనే చింపేశాడట. కొత్త అట్టమీద నూలు కట్టింది ఎవరు, రంగు వేసింది ఎవరు, నేసింది ఎవరు, మాటలు రాసింది ఎవరు అని వరసగా రాశారు. ఎవరి పేరు ముందుండాలన్న దానిమీద మళ్ళీ గంటసేపు వాదన. చివరికి పని జరిగిన వరసలోనే వేశారు. ముడి ముందు, మగ్గం తరువాత. ఆ లెక్కన మా పిల్ల పేరు మొదట వచ్చింది.

"దానికంటె ముందర ఇంకో పేరు గూడ వేసిన చిన్నమ్మా. ఈ పని నాకు నేర్పింది అమ్మమ్మ అని, అమ్మమ్మ పేరు, వూరి పేరు" అంది.

నా కళ్ళు తడిశాయి. పక్కనే మంచంమీద కూర్చున్న మా అమ్మకి చెప్పాను. నీ పేరు న్యూయార్కులో గోడకెక్కిందే అమ్మా అన్నాను. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. లేవని చేతిని రెండో చేత్తో ఒత్తుకుంటూ కూర్చుంది.

"నా ఒక్కదాని పేరు రాస్తె ఎట్లనే? నేను పోసింది ఆసు. సైకిలు ట్యూబు ముక్కలు కోసుకొని చిటికి కట్టింది మా తోడికోడలు గాదా? అది పొయ్యి పదేండ్లయింది. దాని పేరు గూడ రాయమను" అంది.

ఫోను ఇంకా చేతిలోనే వుంది. పిల్ల అవతలినుంచి విన్నది.

"పెన్ను తీసుకున్న అమ్మమ్మా. చెప్పు, పేరేంది?" అంది.